తెలిసిన మనిషి లేని ఇళ్లు

(నరసాపురంలో తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలను వెనుక కూర్చోబెట్టి పెద్దలం ముందు కూర్చున్నాం. ఈ రోజు మాట్లాడుకోవలసింది వారి గురించే కనుక ఈ ఒక్క సభలోనైనా వరస మారి ఉంటే బాగుండేది. సరే, వారికి వినబడేలా మాట్లాడతాం.

'పదవ తరగతి తరువాత ఏం చదవాలి' అన్న విషయం మీద మమ్మల్ని మాట్లాడమన్నారు. కోర్సుల జాబితా ఒకటి చదివేసి వెళ్లడం మాకు సులువే. అటువంటి జాబితాలను ప్రతి వేసవిలోనూ పత్రికలు అచ్చు వేస్తూనే ఉన్నాయి. అయినా మన వాడల్లో ఏటా పిల్లలు అవే నాలుగు దారుల్లో వెళ్తున్నారు. అన్న వెళ్లిన షెడ్డుకు తమ్ముడు వెళ్తున్నాడు. పక్కింటి అబ్బాయి తీసుకున్న గ్రూపే మన అబ్బాయి తీసుకుంటున్నాడు. ఎందుకిలా జరుగుతున్నదని మేము చాలాకాలంగా ఆలోచిస్తున్నాం. మాకు దొరికిన జవాబును మీ ముందు పెడతాం. తప్పైతే సరిదిద్దండి.

ఒక ప్రభుత్వోద్యోగి ఇంట్లో పదవ తరగతి పిల్లవాడి చదువు ఎలా నిర్ణయమవుతుందో గమనించండి. తండ్రికి తెలియకపోతే బాబాయికి తెలుసు. బాబాయికి తెలియకపోతే ఆయన ఆఫీసులో పక్క సీటు మనిషికి తెలుసు. పాలిటెక్నిక్ దరఖాస్తు గడువు ఎప్పుడో, ఏ కాలేజీలో అధ్యాపకులు ఉన్నారో, ఏ కాలేజీలో బోర్డు మాత్రమే ఉందో, ఏ ధ్రువపత్రానికి ఎన్నాళ్లు తిరగాలో భోజనాల దగ్గర మాటల్లోనే దొర్లిపోతుంది. ఆ పిల్లవాడు దాన్ని మార్గదర్శనం అనుకోడు, ఇంట్లో కబుర్లు అనుకుంటాడు. మన ఇళ్లలో కబుర్లు లేవా? ఉన్నాయి. ఏ మేస్త్రీ దగ్గర పని బాగుంది, కువైట్ వెళ్లిన మనిషి ఈ నెల ఎంత పంపాడు, మెకానిక్ షెడ్డు అద్దె ఎంత పెరిగింది. ఆ మాటలను మేము చులకన చేయడం లేదు. ఆ వృత్తులే మనల్ని ఇంతకాలం నిలబెట్టాయి. కాని ఆ మాటల్లోంచి పిల్లవాడికి కనబడే దారులు మూడో నాలుగో. మిగిలినవి ఉన్నాయని వాడికి తెలియదు. తెలియనిదాన్ని ఎవరూ కోరుకోలేరు.

మన పిల్లలకు తెలివి తక్కువ కాదు, ఆశ తక్కువ కాదు. బంధువర్గంలో తెలిసిన మనిషి లేకపోవడమే మన ప్రధానమైన లోటు.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికను ఈ పత్రిక పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురికి ఒకరు అసలు బడికి వెళ్లలేదని, లేదా మధ్యలో మానేశారని అది చెప్పింది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పీజీ చదివేవారిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లిములని, ఐఏఎస్ అధికారుల్లో మనవారు 3 శాతమని చెప్పింది. ఈ అంకెలతో ప్రభుత్వాలను నిలదీశాం, ఇంకా నిలదీయాలి. అయితే వాటిలో మన ఇంటికి సంబంధించిన అర్థం కూడా ఒకటుంది. ఒక తరం కళాశాలల్లో, కార్యాలయాల్లో లేకపోతే, తరువాతి తరానికి అటు దారి చెప్పే బాబాయి ఉండడు. ఆ బాబాయి లేనందువల్ల ఆ తరమూ వెళ్లదు.

అబ్దుల్ కలాం గారి పేరు ప్రతి సభలోనూ వినబడుతుంది. పేదరికాన్ని జయించిన మనిషిగా ఆయనను చెబుతాం. ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్న మరొక సంగతిని మాత్రం ఎవరూ చెప్పరు. రామేశ్వరంలో పడవ నడుపుకునే కుటుంబం నుంచి వచ్చిన ఆయన తిరుచ్చిలో ఇంటర్మీడియట్ చదివి, అక్కడే బీఎస్సీ భౌతికశాస్త్రంలో చేరారు. డిగ్రీ చేతికి వచ్చిన తరువాత గాని తనకు కావలసింది భౌతికశాస్త్రం కాదని, ఇంజనీరింగని ఆయనకు తెలియలేదు. ఇంటర్మీడియట్ కాగానే నేరుగా ఇంజనీరింగ్‌లో చేరి ఉండవచ్చునన్న మాట అప్పట్లో ఆయనకు చెప్పినవారు లేరు. అప్పుడు మద్రాసు ఎంఐటీలో చేరవలసి వచ్చింది. ఆ ఫీజు కోసం అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. అంతటి తెలివిగల పిల్లవాడికి సైతం సమాచారం లేకపోతే కొన్నేళ్లు అలా పోతాయి. కలాం గారు పోయిన కాలాన్ని పూడ్చుకోగలిగారు. మన పిల్లల్లో ఎంతమందికి రెండో అవకాశం, తాకట్టు పెట్టే గాజులు ఉన్నాయి?

దీనికి ఎదురుగా మరొక ఇల్లు చూడండి. కేరళలోని పత్తనంతిట్టలో ఫాతిమా బీవీ అనే అమ్మాయి విజ్ఞానశాస్త్రం చదవాలనుకున్నది. ఆమె తండ్రి మీరా సాహిబ్ ప్రభుత్వోద్యోగి. తిరువాంకూరులో అన్నా చాందీ 1937లో మున్సిఫ్‌గా నియమితులైన సంగతి ఆయనకు తెలుసు. ఒక స్త్రీ న్యాయపీఠం మీద కూర్చోగలదని కళ్లారా చూసిన మనిషి కనుక, కూతురిని న్యాయశాస్త్రం చదవమని పట్టుబట్టారు. ఆ అమ్మాయి 1950లో న్యాయవాదిగా నమోదై, 1989 అక్టోబరులో భారత సుప్రీం కోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయింది. పిల్లల ఇష్టాన్ని గౌరవించాలని మేమే చెబుతాం, నిజమే. కాని ఆ తండ్రి మొండితనం మూర్ఖత్వం కాదు. దాని వెనుక ఒక సమాచారం ఉంది. మన ఇళ్లలో పట్టుబట్టడం ఉంది. సమాచారం ఒక్కటే లేదు.

ఇక మన ఊరికి వద్దాం. నరసాపురం చదువుకు కొత్త ఊరు కాదు. యర్రమిల్లి నారాయణమూర్తి కళాశాల 1949 నుంచి ఇక్కడ ఉంది. పక్కనే సీతారామపురంలో ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అయినా ఈ ఊరి పిల్లవాడిని ఏమవుతావని అడిగితే 'సాఫ్ట్‌వేర్' అంటాడు, లేకపోతే తల వంచుకుంటాడు. వాడు రోజూ బడికి వెళ్లే దారికి అటూ ఇటూ రొయ్యల చెరువులు ఉన్నాయి. వనామీ రొయ్యకు 2009లో మన దేశంలో అనుమతి వచ్చిన తరువాత ఈ జిల్లా రూపమే మారిపోయింది. మన మనుషులు ఆ చెరువుల దగ్గర ఉన్నారు. కాపలా పనిలో, ఐసు బండ్ల మీద, ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసే బల్లల దగ్గర ఉన్నారు. నీళ్లలో అమ్మోనియా ఎంత ఉందో చూసే ప్రయోగశాలలో, పిల్లకు వైరస్ సోకిందో లేదో పరీక్షించే గదిలో, ఎగుమతి సరుకు నాణ్యతకు సంతకం పెట్టే కుర్చీలో మనవారు ఎంతమంది? చెరువు ఒకటే. బల్ల దగ్గరకు, ప్రయోగశాలకు మధ్య ఉన్న దూరం ఇంటర్మీడియట్‌లో బైపీసీ, ఆ తరువాత నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ. పదవ తరగతి అర్హతతోనే చేరగల ఫిషరీస్ డిప్లొమా కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫిషరీస్ విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేశారు. దానికి 2022 నవంబరులో శంకుస్థాపన చేసింది మన నరసాపురం దగ్గరే. శిలాఫలకం మీద మన ఊరి పేరు ఉన్నది. ప్రవేశాల జాబితాలో మన పిల్లల పేర్లు ఉండాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ఈ హాలులో ఎంతమందికి తెలుసునని చేతులెత్తమంటే ఇబ్బంది పడతారని అడగడం లేదు.

అందరూ రొయ్యల చదువే చదవాలని కాదు. అమెరికా 2025లో సుంకాలు పెంచినప్పుడు ఇక్కడి రైతు ముఖాలు ఎలా మారాయో చూశాం. పదిహేడవ శతాబ్దంలో ఈ నరసాపురం సముద్రపు ఓడలు కట్టే ఊరు. పక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీకి బట్టల గిడ్డంగి ఉండేది. ఆ పాలెం పేరుతోనే ఒక రకం బట్టను లోకమంతా పిలిచింది. ఆ ఓడలూ లేవు, ఆ గిడ్డంగీ లేదు. ఒకే పనికి పిల్లవాడిని కట్టివేయరాదన్నందుకు మన ఊరే సాక్ష్యం. కనుక ఏ చదువు చదివినా దాని నుంచి మరొక చదువుకు తలుపు ఉందో లేదో చూడండి. మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాడు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఆ లోగా ఇంటికి కష్టం వస్తే డిప్లొమాతోనే ఉద్యోగానికి వెళ్లవచ్చు. ఇంటర్ తప్పి, చేతిలో ఏమీ లేకుండా మిగిలిపోయే పిల్లవాడికి ఆ రెండూ లేవు. నెలాఖరుకు డబ్బు వెతుక్కునే ఇళ్లకు పాలిటెక్నిక్ ఎంత మంచి దారో మనకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. కొడుకు 'ఇంటర్ చదువుతున్నాడు' అని చెప్పుకోవడంలో ఉన్న దర్జా డిప్లొమాలో లేదని కొందరు తల్లులు మాతో అన్నారు. దర్జా సంగతి తరువాత చూద్దాం.

బైపీసీ అంటే డాక్టరు, రాకపోతే ఏమీ లేదు అనుకుంటారు. సీఈసీ అంటే మార్కులు రానివాళ్ల గ్రూపు అనుకుంటారు. ఈ రెండో మాట వల్ల ఎంత నష్టం జరిగిందో చెప్పలేం. అయిదేళ్ల న్యాయవిద్యకు ఇంటర్ తరువాత లాసెట్ రాయవచ్చు, ఏ గ్రూపైనా సరే. మన స్థలాల తగాదాలకు, వక్ఫ్ భూముల కేసులకు, అకారణంగా పోలీసు స్టేషనుకు పిలిపించిన కుర్రవాడి కోసం మనం వెతుక్కునేది ఎవరిని? వకీలును. ఆ వకీలు మన వాడలో ఎందుకు పుట్టడు? అలాగే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయ ఉద్యోగానికి బీఈడీ సరిపోదని, డీఈడీ ఉండాలని సుప్రీం కోర్టు 2023 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. ఇంటర్ కాగానే రెండేళ్లలో పూర్తయ్యే ఆ శిక్షణ మన అమ్మాయిలకు ఎంతో అనువైనది.

అమ్మాయిల మాట వచ్చింది కనుక కాస్త ఆగుతాం. ఈ ఊరి లేసు అల్లిక ప్రపంచానికి తెలుసు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడి అల్లిక స్త్రీల మీద ఒక పుస్తకమే రాశారు. ఇంటి అరుగు మీద కూర్చుని విదేశాల కోసం అల్లే స్త్రీని 'ఇల్లాలు, ఖాళీ సమయంలో అల్లుతోంది' అనడం వల్లనే ఆమె కూలి అంత తక్కువగా ఉందని, వ్యాపారమంతా మగవారి చేతిలో ఉందని ఆమె చూపించారు. ఆ మాట నలభై ఏళ్ల నాటిది. పదవ తరగతి కాగానే అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టి, 'ఏదో ఒకటి కుట్టుకుంటుంది, అల్లుకుంటుంది' అని మనం అన్నప్పుడల్లా ఆ లెక్కనే మళ్లీ ఒప్పుకుంటున్నాం. సూది వద్దని మేము అనడం లేదు. సూది పట్టిన చేతికి పద్దు రాయడం, ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వస్తే అదే లేసు మీద వచ్చే ఆదాయం ఇంకొకటి.

'కాలేజీ దూరం, బస్సు రష్షు, రోజులు బాగాలేవు' అని తల్లులు చెబుతారు. ఇవి సాకులు కావు, నిజమైన భయాలు. కాని ఒక అమ్మాయి ఒంటరిగా వెళ్లడం భయమైతే నలుగురు అమ్మాయిలు కలిసి వెళ్లడం అంత భయం కాదు. ఒక ఇల్లు చేయలేని ఆటో ఏర్పాటు నాలుగు ఇళ్లు కలిస్తే అవుతుంది. ఆ నాలుగు ఇళ్లను కలపడం మసీదు కమిటీకి కష్టమైన పని కాదని పెద్దలకు మనవి.

గల్ఫ్ గురించి చెప్పకుండా ఈ డెల్టాలో ఏ మాటా పూర్తికాదు. వెళ్లవద్దని చెప్పే అర్హత మాకు లేదు. ఎన్నో ఇళ్ల పైకప్పులు ఆ డబ్బుతో లేచినవే. ఒక్క విషయం మాత్రం పిల్లలు గుర్తుంచుకోవాలి. 1983 నాటి వలస చట్టం ప్రకారం పదవ తరగతి పాస్ కాని మనిషి పనికోసం గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అటువంటి పాస్‌పోర్టు ఉన్న స్త్రీకైతే 30 ఏళ్ల వయసు నిబంధన కూడా ఉంది. ఆ అనుమతి మన రక్షణ కోసం పెట్టినదే. కాని దాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. అక్కడ జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఆ మనిషి కార్మికుడిగా ఏ రికార్డులోనూ ఉండడు. పదవ తరగతి పాస్ పత్రం ఉంటే ఆ పాస్‌పోర్టు వర్గమే వేరు. తొమ్మిదిలో బడి మానేసి 'ఎలాగూ దుబాయే కదా' అనే కుర్రవాడు, తన ప్రయాణానికే తాను అడ్డం పెట్టుకుంటున్నాడు. తప్పిన సబ్జెక్టుకు కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. బడి మానేసినవారికి, మదరసాలో హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లలకు సార్వత్రిక విద్యాపీఠం ఉంది. 14 ఏళ్లు నిండితే పదవ తరగతికి కట్టవచ్చు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది నీరసమైన విషయం, కాని మన పిల్లల సీట్లు ఎక్కువగా పోతున్నది ఇక్కడే. మా బంధువుల అబ్బాయికి పాలిటెక్నిక్‌లో మంచి ర్యాంకు వచ్చింది. బడి రికార్డులో 'షేక్', ఆధార్‌లో 'ఎస్‌కే', కుల ధ్రువపత్రంలో ఇంటిపేరే లేదు. ముగ్గురూ ఒకరేనని రుజువు చేయడానికి ఒక కార్యాలయం చుట్టూ తిరుగుతుండగానే మొదటి విడత కౌన్సెలింగ్ గడిచిపోయింది. ఇంటికి అయిదు కిలోమీటర్లలో రావలసిన సీటు రెండు జిల్లాల అవతల వచ్చింది. హాస్టలు ఖర్చుకు తట్టుకోలేక ఆరు నెలల్లో తిరిగి వచ్చాడు. ఆ అబ్బాయి వాచీల దుకాణంలో పని చేస్తున్నాడు. మేము ఆ ఇంటికి రాకపోకలున్న చదువుకున్నవాళ్లమే. తొమ్మిదవ తరగతిలోనే ఆ కాగితాలు ఒకసారి చూపించమని మేమూ అడగలేదు.

రిజర్వేషన్ల విషయంలోనూ అయోమయం ఉంది. పి.ఎస్.కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో రాష్ట్ర చట్టం ద్వారా బీసీ-ఈ కింద 4 శాతం వచ్చింది. హైకోర్టు కొట్టివేసిన తరువాత, 2010 మార్చిలో సుప్రీం కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. షేకులు ఇందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు లేవు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బీలో ఉన్నారు. ఏ వర్గంలోనూ లేనివారికి ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది, కాని ఆ పత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఏటా కొత్తది తీసుకోవాలి. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఇక్కడి బీసీ పత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీ అవుతారనుకుని దరఖాస్తు చేస్తే తిరస్కరిస్తారు. దరఖాస్తుకు ముందే కేంద్ర జాబితాలో పేరు చూసుకోండి. ఇది ఎవరి దయా కాదు, హక్కు. హక్కు కూడా గడువు తేదీ దాటితే ఇవ్వరు.

ఉన్న హక్కులూ తగ్గుతున్నాయి. 2022లో కేంద్రం మైనారిటీ ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్పును తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసింది. పరిశోధన విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును అదే ఏడాది నిలిపివేసింది. వాటిని తిరిగి సాధించే పోరాటం వేరే వేదికల మీద సాగవలసిందే. ఈలోగా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదవ తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు. దీనికి మతంతో పని లేదు, కుటుంబ ఆదాయ పరిమితి మాత్రం ఉంది. మీ చిన్నపిల్లలు ఎనిమిదిలో ఉంటే రేపే బడిలో అడగండి.

పిల్లలతో రెండు మాటలు. మీకు ఏది ఇష్టమో ఇప్పుడే చెప్పాలని మేము అడగం. పదిహేనేళ్లకు అది చాలామందికి తెలియదు, తెలియకపోవడం తప్పు కాదు. కాని ఎవరూ చెప్పకుండా మీరు చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. పాడైన ఫ్యాన్ విప్పడమో, తమ్ముడికి లెక్కలు చెప్పడమో, దుకాణం పద్దు తప్పు పట్టడమో. అది నాన్నగారితో చెప్పండి. నాన్నగారూ, అది విన్నప్పుడు నవ్వకండి.

చివరిగా మసీదు కమిటీ పెద్దలకు. మన ఇళ్లలో లేని ఆ బాబాయి స్థానంలో మనమందరం కలిసి కూర్చోవాలి. దీనికి భవనం అక్కరలేదు, చందా అక్కరలేదు. ఈ ఊరిలో, చుట్టుపక్కల గ్రామాల్లో మన వారిలో ఒక నర్సు ఉన్నారు, ఒక లైన్‌మన్ ఉన్నారు, బ్యాంకు గుమస్తా ఉన్నారు, డిప్లొమా చదివే కుర్రాళ్లు ఉన్నారు. ముస్లిమేతర మిత్రులైన ఉపాధ్యాయులు కూడా అడిగితే కాదనరు, మేము ఇద్దరిని అడిగాం, వస్తామన్నారు. నెలకు రెండు ఆదివారాలు, జొహర్ నమాజు తరువాత రెండు గంటలు, ఈ హాలులోనే ఒక బల్ల వేద్దాం. మొదటి బల్ల వచ్చే ఆదివారం. ఆ రోజు ఉపన్యాసాలు ఉండవు, కాగితాలు మాత్రమే చూస్తాం. బడి రికార్డు నకలు, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి. లేకపోతే ఖాళీ చేతులతోనైనా రండి. పిల్లలను వెంట తీసుకురండి. ఆ రోజు ముందు వరుస వారిదే.